నెలల తరబడి నిలబడే బండికి టైర్లు, చక్రాలు కాపాడుకోవడం: మన సిక్కోలు ఉప్పుగాలికి పనికొచ్చే పద్ధతి

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ వీధిలోకి వెళ్లినా బరకం (టార్పాలిన్) కప్పిన కారో, వరండాలో గోడకి చేరేసిన బుల్లెట్టో కనిపిస్తుంది. ఇంటాయన మిలటరీలోనో, షిప్పు మీదో, గల్ఫ్‌లోనో, లేదంటే హైదరాబాద్‌లో ఏదో పనిలోనో ఉంటాడు. సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు ఊళ్లన్నీ తిప్పి, కనుమ దాటాక కారు కడిగి, బ్యాటరీ వైరు ఒకటి ఊడదీసి, తాళం నాన్నకో బావమరిదికో ఇచ్చి వెళ్లిపోతాడు. బ్యాటరీ విషయంలో అంత జాగ్రత్త ఉన్నవాళ్లని టైర్ల సంగతేంటని అడిగితే మాత్రం "తిప్పలేదు కదేటి, టైర్లకి ఏటవుద్ది?" అంటారు. చాలానే అవుతుంది. బ్యాటరీ పోతే ఒక ఖర్చుతో పోతుంది, టైర్లు పోతే నాలుగూ ఒకేసారి పోతాయి, చిన్న కారుకైనా పదిహేను వేలు దాటుతుంది.

అసలు సంగతి ఏమిటంటే తిరిగే టైరు అరుగుతుంది, నిలబడిన టైరు ఎండుతుంది. టైరు రబ్బరులో తయారీ అప్పుడే ఒక రకం మైనం, ఇంకొన్ని రక్షణ మందులు కలుపుతారు. టైరు తిరుగుతూ, నొక్కుకుంటూ, సాగుతూ ఉంటే ఆ మైనం కొద్దికొద్దిగా పైకి వచ్చి పైన పలచటి పొరలా ఉంటుంది, గాలిలోని ఓజోన్ నేరుగా రబ్బరుని తాకకుండా అడ్డుకుంటుంది. బండి కదలకపోతే ఆ పొర కొత్తగా రాదు. పైన ఉన్నది వానకి, కడుగుళ్లకి పోతుంది, ఎండకి ఎండిపోతుంది. అప్పుడు పక్కగోడల మీద, గాళ్ల అడుగున సన్నగా నెర్రెలు మొదలవుతాయి. టైరుకి నల్ల రంగు ఇచ్చే కార్బన్ పొడి సూర్యుడి అతినీలలోహిత కిరణాలని చాలావరకు ఆపుతుంది కానీ ఏళ్ల తరబడి ఒకే పక్క మీద ఎండ కొడితే అదీ చాలదు. దీనికి తోడు మనకి సముద్రం పక్కనే ఉంది. ఉప్పు రబ్బరుకి పెద్దగా ఏమీ చేయదు, రిమ్ముని మాత్రం తినేస్తుంది. రిమ్ము అంచు తుప్పు పట్టిందా, టైరు దాని మీద సరిగ్గా కూర్చోదు, గాలి సన్నగా దిగిపోతూ ఉంటుంది, గాలి తగ్గిన టైరు పక్కలు మడతపడతాయి, నెర్రెలు సరిగ్గా ఆ మడత దగ్గరే పెద్దవవుతాయి. ఇవన్నీ ఒకదాన్ని ఒకటి లాక్కొచ్చేవే. అందుకే రెండు వేలు పెట్టి కవరు కొనేసి పని అయిపోయిందనుకుంటే లాభం లేదు. నా లెక్కలో ముందు గాలి, తరవాత కింద నేల, తరవాత మంచినీళ్ల కడుగుడు, కవరు ఆఖర్న.

ముందుగా ఒక పని చేయండి, టైరు పుట్టినరోజు చూడండి. పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక్కోసారి ఆ అంకెలు టైరుకి లోపలి వైపే ఉంటాయి, టార్చి వేసి కింద నుంచి చూడాలి. ఐదేళ్లు దాటిన టైరుని ఏటా ఒకసారి తెలిసినవాళ్లకి చూపించమని, పదేళ్లు దాటితే గాళ్లు ఎంత ఉన్నా మార్చేయమని టైరు కంపెనీలు చెబుతాయి. మన ఎండలకి పదేళ్ల దాకా ఆగడం నాకైతే ఎక్కువే అనిపిస్తుంది. టైరు ఇప్పటికే ఎనిమిదేళ్లదైతే దాన్ని కాపాడటానికి ఈ శ్రమంతా పడక్కర్లేదు, తిరిగొచ్చాక కొత్తవి వేయించుకోవడమే మేలు.

ఎక్కడ ఆపాలి

ఇంటికి తూర్పు వైపు సముద్రం ఉంటే బండిని పడమటి పక్క, గోడ చాటున పెట్టండి. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు విజయనగరం వైపు చింతపల్లి లాంటి ఒడ్డు ఊళ్లలో గాలి తిన్నగా వచ్చే చోట వారం ఉంచి అద్దం మీద వేలు పెట్టి చూడండి, జిగటగా పొర తగులుతుంది. రిమ్ము మీదా అదే పొర ఉంటుంది. ఇల్లు మధ్యలో ఉంటే ఉప్పుగాలి బండి మీదకి తగ్గుతుంది. అయితే పడమటి పక్కన పెట్టారంటే సాయంత్రపు ఎండ మొత్తం టైర్ల మీదే పడుతుంది, ఆ సంగతి కవరు దగ్గర చెబుతాను.

కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు. నీడ బాగుంటుంది, నిజమే, కానీ కాయ పడితే అద్దం పోతుంది, తుపానుకి చెట్టే పడితే ఇంక చెప్పేదేముంది. మామిడి, జీడిమామిడి కింద ఆకులు, పూత, జిగురు రాలి రిమ్ముల్లోకి చేరి తడిసి కుళ్లి ముద్దలా అంటుకుంటాయి. వేప నీడ పర్లేదు.

పశువుల సాల పక్కన పెట్టకండి. పశువుల మూత్రం, పేడ నీళ్లు పారే చోట అల్యూమినియం రిమ్ములైనా, ఇనుప రిమ్ములైనా తొందరగా పాడవుతాయి. యూరియా, డీఏపీ బస్తాలు పేర్చిన గదిలో మోటార్‌సైకిల్ పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎరువు చెమ్మని లాగి కరిగి నేల మీద పారుతుంది, పుల్లల (స్పోకుల) చక్రాలకి అది విషమే. వెల్డింగ్ షాపు పక్కన ఖాళీ స్థలం ఉంది కదా అని అక్కడ పెట్టినా మంచిది కాదు, వెల్డింగ్ మెరుపు దగ్గర ఓజోన్ పుడుతుంది, ఇంతకు ముందు చెప్పిన నెర్రెలకి అదే కారణం. గడ్డివాము పక్కన పెడితే నిప్పు భయం ఒకటి, ఎలుకలు, పందికొక్కులు ఇంకొకటి.

ఇక కింద నేల. ఉద్దానంలో ఇసక నేల, చక్రం మెల్లగా దిగబడుతుంది, వానాకాలం రిమ్ము దాకా తడి ఎక్కుతుంది. నల్లరేగడైతే ఇంకా ఘోరం. గడ్డి మీద ఆపిన బండి టైరు అడుగు ఎప్పుడూ ఆరదు. కాబట్టి ఒక్కో చక్రం కింద గట్టిది ఏదైనా పెట్టాలి. మనకి టెక్కలి పక్కన గ్రానైట్ క్వారీలు ఉన్నాయి, పాలిష్ పట్టని పలక ముక్కలు చవకగానే దొరుకుతాయి, టైరు కంటే నాలుగు వేళ్లు వెడల్పు ఉన్న ముక్కలు నాలుగు వేసి వాటి మీద ఎక్కిస్తే ఏళ్ల తరబడి పనికొస్తాయి. పలక కింద ఇసక చదును చేసి దట్టంగా కొట్టి వేయండి, లేకపోతే బరువుకి విరుగుతుంది. పలక లేకపోతే మందం చెక్క. సిమెంటు గచ్చు ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు కానీ నీళ్లు నిలిచే పల్లం ఉందేమో ఒక బకెట్ పోసి చూసుకోండి. ఆయిలు మరకలు ఉన్న చోట టైరు ఆపొద్దు, ఆయిలు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది.

కడగడం

బండి ఆపే ముందు రోజు కడగండి, అదే రోజు వద్దు. ఎందుకంటే కడిగాక ఓ పది కిలోమీటర్లు తిప్పితే బ్రేకులు, డ్రమ్ములు, రిమ్ము లోపలి తడి ఆరిపోతాయి. కడిగేసి వెంటనే బరకం కప్పితే తడిని లోపల బంధించినట్టే.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన పెద్ద చిక్కు ఒకటుంది. ఒడ్డు ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో ఉప్పు కడుగుతున్నాం అనుకుంటాం, ఆరాక చూస్తే రిమ్ము మీద తెల్లటి చారలు. నోట్లో వేసుకుంటే ఉప్పు తగిలే నీళ్లయితే వాటితో మట్టి వరకు కడిగి, చివర్లో రెండు బకెట్లు కుళాయి నీళ్లో, మంచి నూతి నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోసి పొడి గుడ్డతో తుడవండి. రిమ్ము బయటి వైపు మెరిసేలా తుడిచి లోపలి వైపు వదిలేస్తారు అందరూ, ఉప్పూ మట్టీ చేరేది లోపలే. చక్రం పైన ఉండే ఇనుప గూడు లోపల కూడా పైపు పెట్టి కొట్టండి.

సబ్బు నీళ్లు చాలు. టైరు నల్లగా నిగనిగలాడాలని డీజిలు, కిరోసిన్, కాలిపోయిన ఇంజినాయిలు రాసే అలవాటు మన లారీ డ్రైవర్ల నుంచి కార్ల వాళ్లకీ వచ్చింది. రెండు రోజులు నల్లగా ఉంటుంది, ఆ నూనె రబ్బరులోకి దిగి దాన్ని వదులు చేస్తుంది, ఉన్న రక్షణ మైనాన్ని కూడా కరిగించి తీసుకుపోతుంది. రాయాలనుకుంటే నీళ్లతో తయారైన టైరు పాలిష్ పలచగా రాయండి, జిడ్డుగా మెరిసే రకం వద్దు. అసలు రాయకపోయినా నష్టం లేదు. వాషింగ్ సెంటర్‌లో రిమ్ములు తెల్లగా రావాలని యాసిడ్ నీళ్లు కొడతారు, అల్లాయ్ చక్రాలు ఉన్నవాళ్లు ముందే చెప్పి ఆపించండి, పైన ఉండే పారదర్శక పొర ఒకసారి పోయిందంటే మన గాలికి అది మళ్లీ నిలబడదు.

గాలి

దీని మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పెద్దగా ఖర్చు లేని పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

ఏ లోపం లేని టైరులోంచి కూడా నెలకి ఒకటో రెండో పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దానంతట అదే దిగిపోతుంది. రబ్బరులోంచే మెల్లగా బయటికి వెళ్తుంది. దీనికి తోడు వాతావరణం సుమారు ఆరు డిగ్రీలు చల్లబడితే ఇంకో పీఎస్ఐ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం వేడి టైరులో 33 చూసి సంతోషపడి వెళ్లిపోతే, డిసెంబరు తెల్లవారుజామున అదే టైరు ఇరవైల్లోకి దిగి ఉంటుంది. ఆ స్థితిలో టన్ను బండి బరువులో పావు వంతు దాని మీద కూర్చుని ఉంది.

కాబట్టి పొద్దున్నే, బండి తిప్పకముందు లేదా బంకు దాకా రెండు కిలోమీటర్లకి మించకుండా వెళ్లి, డ్రైవరు తలుపు పక్కన అతికించిన స్టిక్కరులో రాసిన దానికంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెట్టించండి. స్టిక్కరులో 33 ఉంటే 38 దాకా పర్లేదు. టైరు మీద గరిష్ఠం అని రాసి ఉన్న అంకె, చాలా కార్ల టైర్లకి 44 అనో 51 అనో ఉంటుంది, దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటకండి. ఎక్కువ గాలి ఎందుకంటే కింద ఆనే భాగం తక్కువ చదును అవుతుంది, దిగిపోయే గాలికి ముందే కొంత నిల్వ ఉన్నట్టూ అవుతుంది. గాలి ఎంత పెట్టారో, ఏ తేదీన పెట్టారో కాగితం మీద రాసి స్టీరింగుకి కట్టండి. తిరిగొచ్చినవాడు ఆ ఎక్కువ గాలితోనే నేరుగా హైవే ఎక్కేయకూడదు కదా, దానికోసం.

తాళం ఎవరికిచ్చారో వాళ్లకి ఒక గేజు ఉన్న కాలి పంపు కూడా కొనిచ్చి వెళ్లండి. నెలకోసారి చూడమంటే చూస్తారు. కారు స్టార్ట్ చేయమంటే భయపడే నాన్నగారు కూడా గాలి చూడటానికి వెనకాడరు. ఒక టైరే పదేపదే దిగుతోందంటే దాని వాల్వు దగ్గర సబ్బునురగ పెట్టి చూడమనండి, బుడగలు వస్తే వాల్వు పిన్ను బిగించాలి లేదా మార్చాలి. వాల్వు రబ్బరు కాడని వేలితో వంచి చూస్తే దాని మొదలు దగ్గర నెర్రెలు కనిపిస్తాయి, అది టైరు కంటే ముందే ముసలిదవుతుంది. కొత్త టైరు వేయించినప్పుడు పాత వాల్వే ఉంచేస్తే దాన్ని నమ్మకండి.

వాల్వు మూతలు తప్పకుండా ఉండాలి, అవి ప్లాస్టిక్‌వే అయ్యుండాలి. మెరిసే ఇత్తడి, అల్యూమినియం మూతలు ఉప్పుగాలికి వాల్వుకే అతుక్కుపోతాయి, తర్వాత పట్టకారుతో తిప్పితే వాల్వే విరిగి చేతికొస్తుంది. నైట్రోజన్ గురించి అడుగుతారు చాలామంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బులు పెట్టి నింపిస్తే దిగడం కొంచెం నెమ్మదిస్తుంది, లోపల చెమ్మ ఉండదు, అంతే. ఊళ్లో నెలకోసారి మామూలు గాలి కొట్టే మనిషి ఉంటే అదే నయం.

కదపడమా, ఎత్తడమా

ఒకే చోట నెలల తరబడి బరువు పడితే టైరు అడుగున చదునుగా అయిపోతుంది. రాత్రంతా ఆపితే వచ్చే చదును పొద్దున్న నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి సర్దుకుంటుంది. ఎండాకాలం వేడిలో, గాలి తక్కువగా, నెలల తరబడి ఉన్నప్పుడు వచ్చేది ఇక సర్దుకోకపోవచ్చు, స్టీరింగు వణుకుతూనే ఉంటుంది.

దీనికి రెండు దారులు. రెండు మూడు వారాలకోసారి ఎవరైనా స్టార్ట్ చేసి ఓ పది, పదిహేను కిలోమీటర్లు తిప్పడం మొదటిది. ఇదే నేను ముందు చెప్పేది, టైరు కదులుతుంది, మైనం పైకి వస్తుంది, బ్రేకుల తుప్పు రాలుతుంది, బ్యాటరీకీ మంచిదే. నడపడం రానివాళ్లే ఇంట్లో ఉంటే ఇద్దరు కలిసి న్యూట్రల్‌లో పావు చక్రం ముందుకి తోసినా చాలు. గచ్చు చదునుగా ఉంటేనే సుమా, వాలు ఉన్నచోట ఈ పని పెట్టుకోవద్దు.

రెండోది కారుని జాకీ స్టాండ్ల మీద ఎత్తి పెట్టడం. పక్కా షెడ్డు, సిమెంటు నేల ఉండి, ఆరు నెలలు ఎవరూ ముట్టుకోరంటే ఇది బాగానే ఉంటుంది. కానీ ఇంటి ముందు ఆరుబయట మాత్రం వద్దంటాను. పిల్లలు కిందకి దూరతారు, ఇసక నేల వానకి కుంగుతుంది, తుపాను గాలికి స్టాండ్ల మీద ఉన్న కారు జారిపోతుంది. బోలు సిమెంటు ఇటుకల మీద ఎత్తడం అసలు పనికిరాదు, అవి చెప్పాపెట్టకుండా పగిలిపోతాయి. ఎత్తితే కంపెనీ చూపించిన జాకీ చోట్లలోనే ఎత్తాలి.

హ్యాండ్‌బ్రేక్ వేసి నెలల తరబడి వదలకండి. వెనక డ్రమ్ము లోపల బ్రేక్ షూ తుప్పుతో అతుక్కుపోతుంది, వానాకాలం అయితే వారాల్లోనే. ఫస్ట్ గేరులో ఉంచి, ఆటోమేటిక్ అయితే పి లో పెట్టి, రెండు చక్రాలకి ముందూ వెనకా రాళ్లు గట్టిగా పెట్టండి.

మోటార్‌సైకిల్‌కి సెంటర్ స్టాండు ఉంటే అదే సగం పని. వెనక చక్రం పైకి లేస్తుంది, ఇంజను అడుగున ఓ చెక్క దిమ్మ పెడితే ముందు చక్రం మీద కూడా బరువు తగ్గుతుంది. సైడ్ స్టాండు మీద నెలల తరబడి వదిలితే రెండు టైర్ల మీదా బరువు ఒకే పక్కకి పడుతుంది.

కప్పడం

బరకం నేల దాకా కప్పి చుట్టూ రాళ్లు పెట్టడం మనవాళ్ల పద్ధతి. వాన నీళ్లు లోపలికి రావు, నిజమే, కానీ నేల తడి పైకి వచ్చి లోపలే చిక్కుకుంటుంది. పొద్దున్నే బరకం ఎత్తి చూడండి, లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు. రిమ్ములకి ఇంతకంటే చెడ్డ చోటు లేదు. కింద నుంచి జానెడు, జానెడున్నర ఎత్తు వదిలి గాలి ఆడేలా కట్టండి, లేదా గాలి పీల్చే గుడ్డ కవరు కొనండి, రంగు తెల్లదో బూడిద రంగుదో అయితే వేడి తక్కువ. నల్ల ప్లాస్టిక్ షీటు వద్దు.

కింద వదిలేసిన ఆ జాగాలోంచి టైర్లకి ఎండ తగులుతుంది కదా అంటారు. దానికి తాటాకు తడికలో, కొబ్బరాకు అల్లినవో సరిపోతాయి, మన దగ్గర ఎక్కడైనా దొరుకుతాయి. దక్షిణం, పడమర పక్కల టైర్లకి ఎదురుగా అడుగు దూరంలో చేరేస్తే నీడ పడుతుంది, గాలీ ఆగదు. తుపాను హెచ్చరిక వస్తే తీసేయడమూ తేలికే. ప్లైవుడ్ ముక్కలైనా సరే. గోనె సంచులు టైరు చుట్టూ కట్టకండి, తడిస్తే నాలుగు రోజులు ఆరవు, ఎలుకలకి గూడు. తడిక కూడా లేకపోతే కనీసం బండి ముఖం ఎటుందో మార్చండి, ఈ నెల తూర్పుకి ఉంటే వచ్చే నెల పడమరకి, ఎండ ఒకే రెండు టైర్ల మీద పడదు.

రిమ్ముల మాట కొంచెం విడిగా

ఇనుప రిమ్ముల మీద ప్లాస్టిక్ వీల్ కప్పులు ఉంటే ఊడదీసి డిక్కీలో పెట్టేయండి, వాటి వెనక ఇసక, తడి చేరి రిమ్ము అక్కడే తుప్పెక్కుతుంది. తుప్పు మచ్చలు ఉంటే గరుకు కాగితంతో రుద్ది, రెడాక్సైడ్ (తుప్పు ఆపే ఎర్ర పూత) పూసి, ఆరాక రంగు వేయండి. అల్లాయ్ రిమ్ములకి కారు బాడీకి వేసే మైనం పాలిషే ఒక పూత వేస్తే ఉప్పు అంత తేలిగ్గా అంటదు. అంచుకి తగిలించే బ్యాలెన్సింగ్ బిళ్లలు రంగుని గీసి అక్కడి నుంచే తెల్లపొడి తుప్పు మొదలవుతుంది, ఈసారి బ్యాలెన్సింగ్‌కి వెళ్తే లోపల అతికించే రకం అడగండి. బుల్లెట్టు, స్ప్లెండరు పుల్లల చక్రాలకి సన్న నూనె గుడ్డతో ఒక్కో పుల్లా తుడవాలి. స్ప్రే చేస్తే బ్రేకు మీద, టైరు మీద పడుతుంది, గుడ్డే మంచిది. బోల్టులు అతుక్కుపోతున్నాయని మరల్లో గ్రీజు పెట్టేస్తారు కొందరు, దానివల్ల బిగింపు లెక్క తప్పుతుంది. రిమ్ము మధ్య రంధ్రం హబ్ (చక్రం తగిలించే మధ్య భాగం) మీద కూర్చునే చోట గ్రీజు సన్నగా పూస్తే చక్రం అతుక్కోదు, అది చాలు.

ట్రాక్టర్లు, బస్సులు, లారీలు

ట్రాక్టరు పరిస్థితి వేరు. కోతలు అయ్యాక ఇసక, ఇటుక తోలకాలు లేకపోతే ఎండాకాలమంతా కళ్లంలోనే నిలబడి ఉంటుంది, అంటే ఎండ దెబ్బ మొత్తం దానిదే. దమ్ము చక్రాలు (బురద పొలంలో తిప్పడానికి తగిలించే ఇనుప చక్రాలు) ఊడదీసి మట్టి వదలగొట్టి కడిగి నీడలో పెట్టండి. పెద్ద టైర్లలో బరువు కోసం నీళ్లు నింపినవాళ్లు వాటిని తీసేయక్కర్లేదు, వాల్వు దగ్గర చెమ్మ కనిపిస్తోందా అని మాత్రం చూడండి. నీళ్లు ట్యూబు దాటి రిమ్ములోకి చేరితే తుప్పు లోపల నుంచి వస్తుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. గాలి చూసేటప్పుడు వాల్వుని పైకి తిప్పి చూడాలి, లేకపోతే గేజులోకి నీళ్లు వస్తాయి. ఎరువులు తోలిన తొట్టి చక్రాలు కడగకుండా వదలొద్దు. బడి బస్సులు వేసవి సెలవుల్లో వరసగా ఆపేస్తారు, వెనక జంట చక్రాల మధ్య ఇరుక్కున్న రాళ్లు తీసి, లోపలి టైరుకి కూడా గాలి చూడాలి, అది దిగిపోయినా బయటిది మోస్తూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. సాలూరు లారీ వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, వాళ్లే నాకు చెప్పాలి.

తుపాను, వరద

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. రెండూ దసరా రోజుల చుట్టుపక్కలే వచ్చాయి. అందుకే అక్టోబరులో ఊళ్లో లేనివాళ్లు సెప్టెంబరులోనే ఇంటికి ఫోన్ చేసి గాలి చూపించండి. కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరిక నంబరు పెంచారని వార్త వస్తే స్టాండ్ల మీద ఉన్న బండిని కిందకి దించాలి, బరకం విప్పేయాలి. గాలికి కొట్టుకునే బరకం రంగు గీసేస్తుంది, అది ఎగిరిపోతే పక్కింటికి నష్టం. చెట్లకి, రేకుల షెడ్డుకి దూరంగా, ఎత్తు నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టి రాళ్లు పెట్టాలి.

తుపాను వెళ్లిపోయాక వచ్చే పని ముఖ్యం. సముద్రం మీది నీటి తుంపర చాలా దూరం లోపలికి వస్తుంది. వాన పడింది కదా కడిగేసినట్టే అనుకోకండి, మొదటి రోజునే మంచినీళ్లతో చక్రాలు లోపలా బయటా కడగండి. కరెంటు లేక మోటారు ఆడకపోయినా నాలుగు బకెట్లు చాలు. బండి కదిపే ముందు చుట్టూ ఊడవండి, ఎగిరిపోయిన రేకుల మేకులు, స్క్రూలు నేలంతా ఉంటాయి.

గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తి వంశధార పొంగినప్పుడు, నాగావళి పల్లపు వీధుల్లోకి వచ్చినప్పుడు సగం చక్రం దాకా మునిగిన బండిని అలాగే నడపకండి. బ్రేక్ డ్రమ్ము తెరిచి బురద కడగాలి, వీల్ బేరింగులోకి నీళ్లు చేరాయేమో మెకానిక్‌కి చూపించి గ్రీజు మార్పించాలి. రిమ్ము లోపల గట్టిపడిన బురద వల్ల స్టీరింగు వణికితే టైరు పాడైందని కంగారు పడొద్దు, ముందు దాన్ని గీకి తీసి చూడండి. సముద్రపు నీళ్లు తగిలితే ఈ పనులన్నీ అదే రోజు.

తిరిగొచ్చాక

తాళం తిప్పే ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పైపై గీతలు ఉంటే భయం లేదు, కొన్నాళ్లు చూస్తూ తిరగొచ్చు. గోరు దిగేంత లోతు నెర్రెలు, లోపలి దారాలు కనిపించడం, ఎక్కడైనా కణితిలా ఉబ్బడం, ఈ మూడిట్లో ఏది ఉన్నా పంక్చర్ షాపు దాకా కూడా నడపొద్దు, స్టెప్నీ వేయండి. ఆ స్టెప్నీకి ముందు గాలి ఉందో లేదో చూశారా? డిక్కీలో ఉన్నది నీడలో ఉంది కాబట్టి పగుళ్లు తక్కువ, కానీ వయసు దానికీ లెక్కే.

గాలిని స్టిక్కరులో ఉన్న అంకెకి తగ్గించి, మొదటి పది, ఇరవై కిలోమీటర్లు నలభైకి మించకుండా వెళ్లండి. డప్‌డప్‌మని చప్పుడు, వణుకు మెల్లగా తగ్గితే చదును సర్దుకుంటున్నట్టే. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా హైవే మీద వంద కొట్టే ప్రయాణం ఆ రోజు పెట్టుకోకండి. డిస్కుల మీద ఎర్ర తుప్పు పొర మొదటి నాలుగు బ్రేకులకే పోతుంది, కరకరమంటే కంగారు వద్దు. ఇరవై కిలోమీటర్లు దాటినా వణుకు అలాగే ఉంటే బ్యాలెన్సింగ్ చేయించి చూడండి, అప్పటికీ పోకపోతే ఆ టైరు అయిపోయింది.

మార్చేసిన పాత టైర్లని బరకం ఎగరకుండా బరువుకని డాబా మీద పడేస్తారు. వాటిలో నిలిచిన వాననీళ్లలో వారం, పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది. అక్కడక్కడా రంధ్రాలు పొడిచి వాడండి, లేదంటే కొత్త టైర్లు కొన్న షాపులోనే ఇచ్చేసి రండి.